పుష్-ఇన్ ఆర్డరుకు స్క్రూ టెర్మినళ్లు పంపడంపై ఫిర్యాదు

సేల్స్ మేనేజర్ గారికి,

నమస్కారం. పీణ్యలోని మా ఎలక్ట్రికల్ ప్యానెల్ షాపుకు 2.5 స్క్వేర్ ఎంఎం వైర్లను కలిపే పుష్-ఇన్ (వైరు గుచ్చితే స్ప్రింగు పట్టుకునే) టెర్మినల్ బ్లాకులు 400 కావాలని, కంపెనీ పేరు, పార్టు నంబరుతో సహా ఆర్డరులో రాశాం. వచ్చినవి 250. మిగతా 150 వేరే కంపెనీవి, స్క్రూ రకం. చలానులో ‘సమానమైనవి’ అని రాసి పంపేశారు. ముందుగా ఒక్క మాట అడగలేదు.

రెండింటి మీదా 24 ఆంపియర్లనే ఉంది కదా అని మీ వాళ్లు ఫోన్లో అన్నారు. రేటింగు కలిస్తే సరిపోదండీ. ఈ ప్యానెల్ ఉండేది కంప్రెసర్ పక్కన, పొద్దస్తమానం అదురు. స్క్రూ రకమైతే ఎం3 స్క్రూను 0.5 న్యూటన్ మీటర్లకు టార్క్ డ్రైవరుతో బిగించాలి, సర్వీసులో మళ్లీ చూస్తుండాలి. వదులైతే జాయింటు వేడెక్కుతుంది. ఇంకా ప్రమాదం సెన్సర్ల దగ్గర: మూడు వైర్ల పీటీ100 (ఉష్ణోగ్రత సెన్సర్)లో ఒక్క జాయింటులో 0.4 ఓమ్ పెరిగినా ఉష్ణోగ్రత దాదాపు 1 డిగ్రీ తప్పు చూపిస్తుంది. ప్లాంటు వాళ్లు సెన్సర్ మారుస్తూ పోతారు, తప్పు టెర్మినల్‌లో ఉంటుంది. అందుకే ధర ఎక్కువైనా స్ప్రింగు పట్టుండే రకం అడిగాం.

పక్కపక్క బ్లాకులను కలిపే జంపర్లూ కూర్చోవు. పుష్-ఇన్ వెడల్పు 5.2 ఎంఎం, మీ స్క్రూ రకానిది 5. పది గళ్ల జంపరు చివరికి వచ్చేసరికి 1.8 ఎంఎం తేడా.

ఇంకో సంగతి మరీ బాధాకరం. ఒక స్క్రూ బ్లాకు విప్పి చూశాం. వైరును నొక్కే పంజరం ఇనుముదైతే మాకు అభ్యంతరం లేదు, చాలా కంపెనీల బ్లాకుల్లో అంతే. కానీ కరెంటు పారే పట్టీయే అయస్కాంతానికి అంటుకుంది. అక్కడ ఉండాల్సింది రాగి లేదా రాగి మిశ్రమం. టెర్మినల్ బ్లాకుల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60947-7-1 ప్రకారం ఉష్ణోగ్రత పెరుగుదల 45 కెల్విన్లు దాటకూడదు. ఆ పట్టీతో 24 ఆంపియర్లకు పరీక్ష చేసిన రిపోర్టు ఉంటే పంపండి.

ఫ్యూజ్ టెర్మినళ్లు 60లో ఎల్ఈడీ 230 వోల్టులది వచ్చింది, మా సర్క్యూట్లు 24 వోల్టుల డీసీ. ఫ్యూజ్ పోయినా దీపం కనపడదు. ఎండ్ ప్లేట్లు 12 తక్కువ. వరస చివరి బ్లాకుకు అవి లేకపోతే లోహం బయటికి కనిపిస్తుంది, అలా ప్యానెల్ ఇవ్వలేం.

స్క్రూ రకం 150, ఫ్యూజ్ టెర్మినళ్లు 60 మీ రవాణా ఖర్చుతో వెనక్కి తీసుకుని, ఆర్డరులోని పార్టు నంబర్లే పంపండి. ఎండ్ ప్లేట్లు మాత్రం ముందుగా కొరియర్లో పంపితే ఇప్పటికే వచ్చిన పుష్-ఇన్ 250తో వైరింగ్ మొదలుపెడతాం. సరైన సరుకు అందేదాకా ఆ ఐటెమ్‌ల బిల్లు ఆపుతున్నాం. ఇకమీదట పార్టు మార్చాల్సి వస్తే మా డిజైన్ విభాగం రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే పంపండి.

ఇట్లు,
పర్చేజ్, క్వాలిటీ విభాగాలు,
పీణ్య, బెంగళూరు