అణుబాంబు చరిత్రలో కోనంట్ పేరు కూడా ఉండాలి

సంపాదకులకు,

ఏటా ఆగస్టు 6కు హిరోషిమా మీద వ్యాసాలు వస్తాయి. వాటిలో ఒపెన్‌హైమర్ ఉంటారు, ట్రూమన్ ఉంటారు. జేమ్స్ కోనంట్ దాదాపు ఎక్కడా కనిపించరు. రసాయన శాస్త్రం బోధించే నాకు ఇది పెద్ద లోటనిపిస్తుంది.

కోనంట్ రసాయన శాస్త్రవేత్త. 1933 నుంచి 1953 దాకా హార్వర్డ్ విశ్వవిద్యాలయ అధ్యక్షులు. మొదటి ప్రపంచ యుద్ధంలోనే అమెరికా సైన్యం కోసం విషవాయువుల మీద పనిచేశారు. 1941 నుంచి అమెరికా జాతీయ రక్షణ పరిశోధన సంఘానికి సారథ్యం వహిస్తూ, యుద్ధకాలపు ప్రభుత్వ శాస్త్ర పరిశోధనకు అధిపతి అయిన వనీవర్ బుష్‌తో కలిసి బాంబు పరిశోధనను పర్యవేక్షించారు. 1945 జులై 16న న్యూ మెక్సికో ఎడారిలో తొలి పరీక్షను కళ్లారా చూశారు.

హిట్లర్ ముందుగా బాంబు చేస్తాడేమోనన్న అప్పటి భయాన్ని నేను తక్కువ చేయను. కానీ 1945 మే 31 నాటికి జర్మనీ లొంగిపోయింది. ఆ రోజు అమెరికా యుద్ధ మంత్రి స్టిమ్సన్ అధ్యక్షతన, బాంబు విషయంలో ప్రభుత్వానికి సలహా ఇచ్చే కమిటీ జరిపిన సమావేశపు మినిట్స్ చదివితే మనసు కలతపడుతుంది. జపాన్‌కు హెచ్చరిక ఇవ్వరాదని, పౌర ప్రాంతం మీద గురిపెట్టరాదని అందులో ఉంది. ఆ వెంటనే, డాక్టర్ కోనంట్ సూచన మేరకు, ఎక్కువమంది కార్మికులు పనిచేసే, చుట్టూ వాళ్ల ఇళ్లే ఉన్న కీలక యుద్ధ కర్మాగారం తగిన లక్ష్యమని మంత్రి అంగీకరించినట్టు ఉంది. ఇళ్లు అన్నాక అందులో పిల్లలుంటారని, ముసలివాళ్లుంటారని వేరే చెప్పాలా? వేల మంది యువకుల చదువుకు బాధ్యత వహించే వ్యక్తి ఆ సూచన చేశారు!

వేరే దారి చూపినవాళ్లు అప్పుడే ఉన్నారు. జేమ్స్ ఫ్రాంక్ నాయకత్వాన, బాంబు పరిశోధనలోనే పనిచేస్తున్న షికాగో శాస్త్రవేత్తలు జూన్ 11న ఇచ్చిన నివేదికలో, ఎడారిలోనో నిర్జన దీవిలోనో దేశదేశాల ప్రతినిధుల ఎదుట బాంబు పేల్చి చూపమన్నారు. వాళ్ల మాట చెల్లలేదు. ఆ ఏడాది ముగిసేలోగా ఒక్క హిరోషిమాలోనే సుమారు 1,40,000 మంది చనిపోయారని అంచనా.

యుద్ధం ముగిశాక విమర్శలు మొదలైతే, వాటికి జవాబుగా స్టిమ్సన్ చేత వ్యాసం రాయించడానికి పూనుకున్నదీ కోనంటే. 1947 ఫిబ్రవరిలో హార్పర్స్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసమే చాలాకాలం అధికారిక చరిత్రగా చెలామణి అయింది. బాంబు వేయడంలోనే గాక, దాని గురించి లోకం ఏమనుకోవాలన్న దాంట్లోనూ ఆయన పాత్ర ఉంది. నన్ను ఎక్కువ బాధించేది ఇదే.

1949లో హైడ్రోజన్ బాంబును ఆయన గట్టిగా వ్యతిరేకించారు. అది జాతి సంహారానికి ఆయుధం కాగలదన్న నివేదిక మీద సంతకం చేశారు. ఆ మాటా చెప్పాలి. అయితే మే 31 నాటి సూచనను అది చెరిపేయదు.

వచ్చే ఆగస్టులో ఆ మినిట్స్‌లోని భాగాన్ని, ఫ్రాంక్ నివేదికలోని సిఫార్సులను తెలుగులో పక్కపక్కన అచ్చువేయాలని కోరుతున్నాను. మా విద్యార్థుల చేత చదివించి, తరగతిలో చర్చ పెడతాను.

భవదీయురాలు,
ఒక రసాయన శాస్త్ర అధ్యాపకురాలు