ఓటు ఊళ్లో, మనిషి సూరత్‌లో

సంపాదకులకు నమస్కారం.

భూటాన్ ఎన్నికల మీద మన పత్రికల్లో ఎప్పుడు వ్యాసం వచ్చినా ఢిల్లీ వైపా, బీజింగ్ వైపా అన్న లెక్కే కనిపిస్తుంది. మీ పత్రికలోనూ అంతే. మా ఉత్తరం అసలు మన వలస కార్మికుల ఓటు గురించే, కానీ భూటాన్ నుంచి మొదలుపెడతాం. భారత్, చైనా, భూటాన్ సరిహద్దులు కలిసే డోక్లాం వివాదం చిన్న విషయమని మేం అనడం లేదు. అయితే అక్కడ 2008 నుంచి నాలుగుసార్లు జాతీయ అసెంబ్లీ ఎన్నికలు జరిగితే, ఒకసారి గద్దెనెక్కిన పార్టీ వెంటనే రెండోసారి గెలిచిన దాఖలా లేదు. 2008లో 47 సీట్లకు 45 గెలిచిన పార్టీకి 2013లో వచ్చినవి 15. ఆ ఏడాది జూలై 13న పోలింగ్. సరిగ్గా అదే నెల మొదట్లో వంటగ్యాస్, కిరోసిన్ మీద మన దేశం ఇచ్చే సబ్సిడీ ఆగి, బండ ధర రెట్టింపు దాటింది. ఢిల్లీ ప్రభావం ఉందనుకున్నా అది ఓటరును తాకింది వంటింట్లోనే. 2018లో, 2023లో అధికార పార్టీలు తొలి రౌండే దాటలేదు. ఆ తొలి రౌండ్‌లో పార్టీలన్నీ దిగుతాయి, మొదటి రెండు మాత్రమే అసలు పోటీకి మిగులుతాయి. కిందటిసారి ప్రచారమంతా ఉద్యోగాల చుట్టూ, ఆస్ట్రేలియా వెళ్లిపోతున్న కుర్రకారు చుట్టూ తిరిగింది. 2022లో అక్కడ యువతలో నిరుద్యోగం 28.6 శాతం. 1,500 కోట్ల ఉద్దీపన పథకం తెస్తామన్న పార్టీ 2024 జనవరిలో 30 సీట్లతో గెలిచింది.

వ్యాసకర్తలు తరచూ వదిలేసే సంగతి ఇంకొకటుంది. ఏ సమస్య ప్రచారంలోకి ఎక్కాలో, ఏది ఎక్కకూడదో ముందే తేల్చేది ఓటు ఏ ఊళ్లో ఉందన్నది. భూటాన్ రాజ్యాంగం ప్రకారం పౌర రిజిస్టర్‌లో ఎక్కడ పేరుంటే అక్కడే ఓటు, అదీ కనీసం ఏడాది ముందు నుంచి ఉండాలి. బతుకుదెరువుకు రాజధాని థింపూ చేరినవాళ్లలో చాలామంది పేర్లు సొంతూళ్లలోనే ఉంటాయి. 2017 జనగణనలో థింపూ జిల్లా జనాభా 1,38,736, అంటే దేశంలో దాదాపు ఐదో వంతు. ఆ జిల్లాకు సీట్లు రెండే. తూర్పున ఉన్న ట్రాషిగాంగ్ జనాభా 45,518, సీట్లు ఐదు. అందుకే థింపూ ఇంటి అద్దెల గురించి పెద్దగా మాట్లాడాల్సిన అవసరం ఏ పార్టీకీ రాదు. పొలాల దాకా రోడ్డు, అడవి పందుల నుంచి పంటకు కరెంటు కంచె, ఇలాంటివి మేనిఫెస్టోల్లో తరచూ కనిపిస్తాయి. అద్దె కట్టేవాడూ ఆ పొలం యజమాని కొడుకూ ఒక్కడే అయినా సరే. అయితే దూరంగా ఉన్నవాళ్ల కోసం అక్కడ పోస్టల్ బ్యాలెట్ ఉంది, పోలింగ్‌కు కొన్ని రోజుల ముందే ఆ ఓట్లు వేయడానికి వేర్వేరు జిల్లాల్లో ప్రత్యేక కేంద్రాలూ తెరుస్తారు. ఓటర్లు దాదాపు 5 లక్షల మందే కదా, చేయగలరు అనవచ్చు. నిజమే, కానీ మన దగ్గర ఆ ప్రయత్నం ఎంతవరకు వచ్చిందో చూడండి.

ఒడిశాలోని మా గంజాం జిల్లా నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకు వెళ్లినవాళ్లు ఎంతమందో ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు, వీధికి నాలుగిళ్లు ఖాళీగా కనిపిస్తాయి. గోపాలపూర్ తీరంలో మన తెలుగు మత్స్యకారుల పరిస్థితీ అదే. పడమటి తీరం బోట్లలో ఖలాసీలుగా వెళ్లినవాళ్లు అక్కడ వేట నిషేధం మొదలయ్యే జూన్‌లో గానీ తిరిగిరారు. 2024లో బరంపురం లోక్‌సభ పోలింగ్ మే 13న, జిల్లాలోని మరో లోక్‌సభ స్థానమైన ఆస్కాది మే 20న జరిగాయి. రెండు చోట్లా పోలింగ్ శాతం రాష్ట్ర సగటు కంటే తక్కువే. పోలింగ్ రోజున వేతనంతో సెలవు ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 135బి సెక్షన్ చెబుతుంది. ఇవ్వని యజమానికి జరిమానా 500 రూపాయలకు మించదు. ఒక రోజు సెలవుతో సూరత్ నుంచి బరంపురం ఎలా వస్తారు? రైల్లో ఒక వైపే ఒక పగలూ రాత్రీ దాటుతుంది. మీటరు లెక్కన కూలి తీసుకునే మనిషికి ఆ రోజులన్నీ సున్నా.

పోస్టల్ బ్యాలెట్ సైనికులకు, ఎన్నికల విధుల్లో ఉన్నవాళ్లకు, 85 ఏళ్లు దాటినవాళ్లకు, 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లకు, నోటిఫై చేసిన అత్యవసర సేవల వాళ్లకు ఉంది. లూమ్ కార్మికుడు, ఖలాసీ ఆ జాబితాలో లేరు.

ఓటును సూరత్‌కే మార్చుకోవచ్చు కదా అంటారు. చట్టం ఒప్పుకుంటుంది, ఫారం 8 నింపితే చాలు. చిక్కు చిరునామా దగ్గర వస్తుంది. కార్మికులు కలిసి ఉండే మెస్ గదుల్లో షిఫ్టుల వారీగా పడుకునేవాళ్ల పేరున అద్దె కాగితం ఉండదు. విచారణకు బీఎల్ఓ (బూత్ స్థాయి అధికారి) పగలు వస్తే పగటి షిఫ్టువాడు మగ్గం దగ్గరుంటాడు, రాత్రి షిఫ్టువాడు నిద్రలో ఉంటాడు. ఇల్లు లేనివాళ్ల విషయంలో బీఎల్ఓ రాత్రిపూట వెళ్లి చూడాలన్న నిబంధన ఉంది, దాన్ని మెస్‌లకూ వర్తింపజేస్తే సగం చిక్కు తీరుతుంది. ఇక మార్చుకున్నవాడికి ఊళ్లో పంచాయతీ ఓటు కూడా పోతుంది. పోనీ అని మార్చుకున్నవాళ్లకు 2024లో దక్కిందేమిటంటే, సూరత్ లోక్‌సభ స్థానం ఏప్రిల్ 22నే ఏకగ్రీవమైంది, పోలింగే లేదు! రెండుచోట్లా పేరు ఉంచుకుందామంటే 17, 18 సెక్షన్లు కుదరవంటాయి, తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు. (ఆంధ్ర, ఒడిశా రెండూ తమవనే కొఠియా గ్రామాల్లో రెండు రాష్ట్రాల కార్డులు చేతిలో ఉండటం వేరే కథ. అక్కడ తేలనిది సరిహద్దు.)

ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో రిమోట్ ఓటింగ్ యంత్రం ప్రతిపాదన తెచ్చింది. ఒకే బూత్ నుంచి 72 నియోజకవర్గాల ఓట్లు వేయించగలదన్నారు. మరుసటి నెలలో పార్టీలను పిలిచారు, అభ్యంతరాలతోనే సమావేశం ముగిసింది. గుజరాత్‌లోని బూత్‌లో ఒడిశా ప్రాంతీయ పార్టీకి ఏజెంటు ఎవరు, అక్కడ ప్రవర్తనా నియమావళి ఎవరు అమలు చేస్తారు, ఓట్లు ఎక్కడ లెక్కిస్తారు అన్నవి న్యాయమైన ప్రశ్నలే. వాటికి జవాబు వెతకడం మానేసి, ప్రతిపాదననే అటక మీద పెట్టడం మాకు నచ్చలేదు. వలస ఓటు లేనంతకాలం మగ్గాల షెడ్డులో వేడి, చెవుడు తెప్పించే మోత, మీటరు రేటు ఏ పార్టీ ప్రచారంలోకీ రావు. సూరత్ అభ్యర్థికి వీళ్ల ఓటు లేదు, గంజాం అభ్యర్థికి సూరత్ షెడ్డు మీద అధికారం లేదు.

ఇప్పటికిప్పుడు మీ పత్రిక చేయగలిగిన పని ఒకటుంది. ఓటు వేయడానికని ఊరొచ్చినవాళ్లు కూడా కొందరు బూత్ నుంచి వెనక్కి పోతున్నారు. ఇంటి దగ్గర కనిపించని ఓటర్లను బీఎల్ఓ గైర్హాజరు, బదిలీ, మృతుల జాబితాలో చేరుస్తాడు. అందులో పేరుండటం అంటే ఓటు కొట్టేసినట్టు కాదు. ఓటరు కార్డో, అనుమతించిన మరో గుర్తింపు పత్రమో చూపి, రిజిస్టర్‌లో సంతకంతో పాటు వేలిముద్ర కూడా వేస్తే ఓటు వేయనివ్వాలి. ఏజెంటు అభ్యంతరం చెప్పగానే తిరిగి వచ్చేయకుండా ప్రిసైడింగ్ అధికారిని అడగాలి. అసలు జాబితాలోనే పేరు లేకపోతే మాత్రం ఆ రోజు చేయగలిగిందేమీ లేదు. అందుకే నామినేషన్ల చివరి తేదీకి కనీసం పది రోజుల ముందే జాబితా చూసుకుని, పేరు లేకపోతే నమోదు కోసం ఫారం 6 ఇవ్వాలి. ఈ నాలుగు ముక్కలు మీ ఒడిశా సరిహద్దు పేజీలో ఎన్నికల ప్రకటన వచ్చిన వారంలోనే వేయండి. పోలింగ్ ముందు రోజు వేస్తే సూరత్ రైలు ఎక్కేవాడికి పనికిరాదు.

ఇట్లు,
తెలుగు పాఠకులు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా