డార్ట్‌మూర్ రాతి శిలువల పట్ల మర్యాద పాటిద్దాం

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండ్‌లోని ప్లిమత్, ఎక్సెటర్ ప్రాంతాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు సెలవు రోజుల్లో దగ్గర్లోని డార్ట్‌మూర్ కొండబయళ్లకు వెళ్లడం మామూలైంది. అక్కడ దారుల పక్కన నిలిచి ఉన్న మధ్యయుగపు రాతి శిలువల గురించి, నేనూ అక్కడి నివాసిని గనుక, మీ పత్రిక ద్వారా మనవాళ్లకు ఒక విన్నపం చేయదలచాను.

ఆ శిలువలు అలంకారానికి పెట్టినవి కావు. తూర్పున బక్‌ఫాస్ట్, పడమట టావిస్టాక్, బక్‌లండ్ మఠాల నడుమ రాకపోకలు సాగించే సన్యాసులకూ బాటసారులకూ, మంచు కమ్మితే నాలుగడుగుల అవతల ఏముందో తెలియని ఆ ఊబి నేలల్లో దారి చూపేందుకు వాటిలో చాలావాటిని నిలిపారు. గట్టి గ్రానైట్ కావడంతో వాటిపై నగిషీలు తక్కువ, చేతులు పొట్టి. ఆ మోటు పనితనమే నాకు ఎంతో భక్తితో చేసినట్టు అనిపిస్తుంది.

వీటిలో సివార్డ్ శిలువ ప్రసిద్ధమైనది. 1240లో రాజుగారి అటవీభూమి ఎల్లలను నిర్ణయించిన పత్రంలోనే దాని పేరుంది. మనిషి ఎత్తును మించిన ఆ రాతి మీద ఒకవైపు సివార్డ్ పేరు, మరోవైపు బక్‌లండ్ పేరు అరిగిన అక్షరాల్లో కనిపిస్తాయి. 1846లో అది విరిగి పడిపోగా, ఇనుప పట్టీలతో బిగించి మళ్లీ నిలబెట్టారు.

ఎనిమిదవ హెన్రీ కాలంలో మఠాలు మూతపడ్డాయి. 1643లో పార్లమెంటు బహిరంగ ప్రదేశాల్లోని శిలువలను సైతం తొలగించాలని శాసించింది. ఆ ప్రాంతంలో కొన్ని శిలువలు పొలాల గేట్లకు స్తంభాలయ్యాయి. రోడ్డు పక్కనే ఒరిగి నిలిచిన బెనెట్ శిలువపైన కుందేళ్లను పెంచే భూమికి హద్దుగా డబ్ల్యూ, బి (‘వారెన్ బౌండ్స్’, అంటే కుందేళ్ల భూమి ఎల్లలు) అనే రెండక్షరాలు చెక్కారు. ఇన్ని అవమానాలు భరించి మిగిలిన రాళ్లివి.

అందుకే, ఫొటోల కోసం పిల్లలను వాటి చేతులపై కూర్చోబెట్టడం, అక్షరాలు బాగా కనబడాలని సుద్దముక్కతో దిద్దడం, రాతిపై పట్టిన నాచును గోకడం చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. సొంత ఊళ్లో పొలిమేర రాయికి పసుపు, కుంకుమ పెట్టి మొక్కే మనకు, పరాయి దేశపు దారిలో నిలిచిన రాయి కూడా ఒకరి ప్రార్థనాస్థలమేనని వేరే చెప్పనక్కరలేదు. వాటిలో చాలావాటికి 1979 నాటి పురాతన కట్టడాల చట్టం కింద రక్షణ ఉంది కనుక, వాటిని దెబ్బతీయడం నేరం కూడా.

బ్రిటన్ యాత్రల గురించి మీరు ప్రచురించే వ్యాసాల్లో ఈ జాగ్రత్తలను కూడా చేర్చవలసిందిగా కోరుతున్నాను. ఎక్కడైనా ఒరిగిన శిలువ, విరిగిన ముక్క కనబడితే దాన్ని కదల్చకుండా, ఉన్న చోటును గుర్తుపెట్టుకుని డార్ట్‌మూర్ జాతీయ ఉద్యానవన అధికారులకు తెలియజేయాలని పాఠకులకు నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, ప్లిమత్