మీ అమ్మ ఆఖరి మాట

చి. అమ్ములుకి నాన్న ఆశీస్సులు.

"శుక్రవారం లోపు జీతం పెంచకపోతే రాజీనామా అని మెయిల్ పెట్టేస్తున్నా నాన్నా" అన్నావు నిన్న. సరే అని ఫోన్ పెట్టేశాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినవాడికి అల్టిమేటం అంటే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914 గుర్తుకు రాక ఏం చేస్తుంది?

ఆ జులై 23 సాయంత్రం ఆరింటికి ఆస్ట్రియా-హంగరీ రాయబారి గీజ్ల్ బెల్‌గ్రేడ్‌లో సెర్బియా చేతికి 10 డిమాండ్ల కాగితం ఇచ్చాడు. గడువు 48 గంటలు. సెర్బియా చాలావాటికి తలొగ్గింది, కొన్నింటికి మెలిక పెట్టింది. ఆస్ట్రియా యువరాజు హత్య కేసులో తమ గడ్డ మీద ఆస్ట్రియా అధికారులు విచారణకు కూర్చోవాలన్న ఆరోదానికి మాత్రం కుదరదంది. 25న గడువు ముగియబోతుండగా ప్రధాని పాషిచ్ స్వయంగా జవాబు పట్టుకెళ్లాడు. గీజ్ల్ దాన్ని గబగబా చూసి, ముందే రాసి ఉంచిన తెగతెంపుల ఉత్తరం పంపించి ఆరున్నర రైలెక్కేశాడు. పెట్టె ఎప్పుడో సర్దేసుకున్నాడు మరి! 28న యుద్ధం ప్రకటించారు. ఆ జవాబు చదివిన, ఆస్ట్రియాకి మిత్రుడైన జర్మనీ చక్రవర్తి, ఇక యుద్ధానికి కారణమే లేదని అదే రోజు రాసుకున్నాడు. ఏం లాభం?

అది బేరం కాదమ్మా, ఒప్పుకోకూడదనే రాసిన కాగితం.

మీ అమ్మది వేరే పద్ధతి. చీరల కొట్లో "ఎనిమిదొందలు, ఇదే ఆఖరి మాట" అని చెప్పులేసుకునేది. మూడో మెట్టు దిగేలోపు "రండమ్మా" అని పిలుపొచ్చేది. ఒకసారి రాలేదు. రోడ్డవతల సోడా బండి దగ్గర నిలబడ్డాం. నేను రెండు సోడాలు తాగాను, ఆవిడ కొట్టువైపు చూడనట్టు చూస్తూనే ఉంది. తిరిగి వెళ్లి కొనుక్కోవచ్చు, కానీ మొహం చెల్లలేదు. ఆ నెమలికంఠం రంగు చీర సంగతి ఇప్పటికీ ఎత్తుతుంది.

ఇంతకీ నీ చేతిలో వేరే ఆఫర్ ఉందా? ఉంటే నీ ఇష్టం, గడువు పెట్టు. లేకపోతే ఆ శుక్రవారం తీసేసి, ఎప్పటిలోగా చెప్పగలరో అడుగు. టీమంతా కాపీలో ఉండే మెయిల్లో వద్దు, విడిగా అడుగు. మీ మేనేజర్‌కీ పైవాళ్లతో మాట్లాడే వ్యవధి కావాలిగా. ఎంత వరకు దిగగలవో మాత్రం నీ దగ్గరే రాసి పెట్టుకో.

ఇంకా పంపకపోతే ఒకసారి నాకు చదివి వినిపించు. పంపేసి ఉంటే అమ్మకి నువ్వు చెప్పకు, నేను చెప్తాను.

నాన్న