ఆ ఫ్లేవర్ పాల సీసాలో ఎన్ని చెంచాల చక్కెర ఉందో మా భాషలో రాయించండి

ఆంధ్రా సరిహద్దున ఉన్న మా ఒడిశా జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. ఈ విషయంపై రెండు అర్జీలు ఇచ్చాను. జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

మా పాప రెండో తరగతి. బడి ఎదురు దుకాణంలో రోజూ బాదం ఫ్లేవర్ పాలు కొనుక్కునేది. పాలే కదా, ఒంటికి మంచిదని నేనే డబ్బులిచ్చాను. ఇప్పుడు మూడు పళ్లు పుచ్చిపోయాయి. పళ్ల డాక్టరు గారు ముందు అడిగింది తీపి గురించే. ఆ రాత్రి పాప దవడ పట్టుకుని ఏడుస్తుంటే సీసా తీసి చదివాను. చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది: 100 మిల్లీలీటర్లకు కలిపిన చక్కెర 7 గ్రాములు. సీసా 200 మిల్లీలీటర్లు. అంటే 14 గ్రాములు; చెంచాకు నాలుగు గ్రాముల లెక్కన మూడున్నర చెంచాలు!

పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ అనే చక్కెర వేరు, దానిపై నాకు ఫిర్యాదు లేదు. మాంసకృత్తులు, కాల్షియం ఆ సీసాలోనూ ఉన్నాయి. కానీ అవి మామూలు పాలలోనూ దొరుకుతాయి కదండీ. విడిగా కలిపే చక్కెర పెద్దలకే రోజుకు సుమారు 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది.

కలిపిన చక్కెర ఎంతో లేబుల్‌పై చూపాలని 2020 నాటి నిబంధనలున్నాయి. పర్లాకిమిడి, రాయగడ, బరంపురాల్లో ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే అమ్మలు ఎందరో. ఇంగ్లీషు చదవలేని తల్లికి ఆ అంకె ఉన్నా లేనట్టే.

బడుల దగ్గర ఈ పాలు అమ్మే ప్రతి దుకాణంలో సీసాకు ఎన్ని చెంచాల చక్కెరో ఒడియాలో, తెలుగులో పెద్ద బోర్డు పెట్టించండి. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు ఇది జరగాలి. బాధ్యత ఏ అధికారికి అప్పగించారో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక తల్లి