రిజర్వు ఖాతా మీద ఓ కన్నేసి ఉంచాలి

సంపాదకులకు,

అమెరికా పల్లెల్లో అల్పాదాయ వర్గాల అద్దె ఇళ్లకు అక్కడి వ్యవసాయ శాఖ 'సెక్షన్ 515' అనే పథకం కింద అప్పులిచ్చింది. సబ్సిడీ పోను యజమానికి పడే వడ్డీ 1 శాతమే. అందుకే నిబంధనలు గట్టివి: ఏటా బడ్జెట్ చూపాలి, అద్దె పెంచాలంటే శాఖ ఒప్పుకోవాలి, అద్దెదారుల ఆదాయాన్ని ఏటా సరిచూడాలి. శాఖవాళ్లు కనీసం మూడేళ్లకోసారి ఇళ్లనూ రికార్డులనూ తనిఖీ చేయాలి.

అసలు చిక్కంతా రిజర్వు ఖాతాలోనే. పైకప్పులు, హీటర్లు మార్చడానికి దాచే సొమ్మది. శాఖ అనుమతి లేనిదే తీయకూడదు. ఎన్నో ఏళ్ల కిందటి నిర్మాణ ఖర్చుల లెక్కతో జమ నిర్ణయించినచోట నేటి ధరలకు అది చాలదు. మరమ్మతు వాయిదా పడుతుంది. తనిఖీకి వచ్చినవాళ్లు కొత్త రంగు వేసిన గోడ చూసి సంతృప్తి పడకూడదు. సింకు కింద అలమర తెరిచి, అడుగు చెక్కను వేలితో నొక్కి చూడాలి. మెత్తగా దిగబడితే లీకు నిన్నటిది కాదు!

మూడేళ్లు ఆగకుండా, బడ్జెట్‌తోపాటే రిజర్వు ఖాతా స్టేట్‌మెంటునూ మరమ్మతుల అంచనానూ పక్కపక్కన పెట్టి చూడాలి. అక్కడ ఇలాంటి సముదాయాలు కొనాలనుకునే మనవాళ్లు సంతకానికి ముందే ఆ స్టేట్‌మెంటు, ఆఖరి తనిఖీ నివేదిక అడిగి తీసుకోండి. అప్పు బదిలీకి శాఖ అనుమతి ఎలాగూ కావాలి. ఖాతాలోని పాత లోటు పూడ్చే షరతు అప్పుడే మాట్లాడుకోవాలి.

– గ్రామీణ అద్దె ఇళ్ల నిర్వాహకులు, అయోవా