సైట్లో అడ్రస్ ఉంటే చాలదు, ఆ అడ్రస్‌లో ఆ మనిషి ఉండాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మిర్చి కోతలయ్యి కల్లాలు నిండే టైముకి ఫోన్లలో టార్పాలిన్ పట్టాల యాడ్లు తెగ వస్తాయండీ, మా బాబాయికీ అలాగే వచ్చింది. ఆయనది ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరు, రెండెకరాల మిర్చి. గుంటూరు షాపులో చెప్పిన రేటుకి ఆ సైట్లో సగమే ఉంది, నాలుగు పట్టాలకి 7,600 ముందే కట్టాడు, సరుకు వచ్చాక ఇస్తానంటే కుదరదన్నారంట. పట్టాలు రాలేదు, వాన మాత్రం వచ్చింది. ఆ రాత్రి ఇంట్లో దుప్పట్లు, ఖాళీ యూరియా గోతాలు ఏవి దొరికితే అవి తెచ్చి కప్పారు, అయినా అంచున ఉన్న కాయ తడిసి రంగు పోయింది, యార్డుకి తీసుకెళ్తే అదంతా తాలు రేటుకి అడిగారు. పట్టాల డబ్బు కంటే అక్కడే ఎక్కువ పోయింది.

సైట్ అడుగున విజయవాడ ఆటోనగర్ అడ్రస్ డోర్ నెంబరుతో సహా ఉంది. నేను గుంటూరులోనే ఉంటాను కదా, ఎంత దూరంలే అని ఒకరోజు సెలవు పెట్టి బస్సెక్కి వెళ్ళాను. ఆ నెంబర్లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. వెల్డింగ్ చేస్తున్నాయన అద్దం పైకెత్తి నన్ను చూసి, నేను నోరు తెరవకముందే "పట్టాల కోసం వచ్చారా అండీ" అన్నాడు. నాకు ముందే ముగ్గురు వచ్చారంట, అందులో ఒకాయన చిలకలూరిపేట నుంచి వచ్చి ఈయన మీదే కేకలేసి వెళ్ళాడంట. తన అడ్రస్ ఎవడో వాడుకుంటున్నాడని పాపం ఆయనకి తెలిసిందే అలా.

ఇంటికొచ్చాక కూర్చుని ఆ సైట్ సంగతి మొత్తం చూశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు, ఒక్క రూపాయి ఖర్చు కాలేదు, నాకు బాధ అక్కడే. సైట్లో జీఎస్టీ నెంబరు ఉంది, పదిహేను అక్షరాలు, మన రాష్ట్రం కోడ్ 37 తోనే మొదలైంది, చూస్తే అసలైనదే అనిపిస్తుంది. జీఎస్టీ పోర్టల్లో సెర్చ్ ట్యాక్స్‌పేయర్ అని ఉంటుంది, లాగిన్ ఏం అక్కర్లేదు, నెంబరు కొడితే ఎవరి పేరు మీద ఉంది, ఏ ఊరు, ఎప్పుడు తీసుకున్నారు, ఇప్పుడు నడుస్తోందా రద్దయిందా అన్నీ వస్తాయి. ఈ నెంబరు వేరే జిల్లాలో ఒక మందుల షాపుది, అదీ రద్దయిపోయింది. అంటే నెంబరు నిజందే, మనిషే వేరు. అందుకని నెంబరు ఉందా లేదా అని చూసి ఊరుకోకుండా, ఆ నెంబరు మీద వచ్చే పేరు, ఊరు సైట్ మీద ఉన్నవాటితో కలుస్తున్నాయా అని చూడాలి. ఇక సైట్ పేరు ఎప్పుడు రిజిస్టర్ చేశారో హూయిజ్ లుకప్ అని నెట్లో సైట్ల రిజిస్ట్రేషన్ వివరాలు వెతికే చోట కనపడుతుంది. పాతికేళ్ళుగా రైతుల సేవలో అని పైన పెద్ద అక్షరాలతో రాసుకున్న ఆ సైట్ పుట్టి బాబాయి డబ్బు కట్టేనాటికి పంతొమ్మిది రోజులు.

డబ్బు వెళ్ళింది కూడా కంపెనీ పేరు మీదకి కాదు, ఎవరో ఒక మనిషి పేరు మీదకి. స్కాన్ చేసినప్పుడే ఫోన్ ఆ పేరు చూపించింది, బాబాయి చూశాడు కూడా. "వాళ్ళ గుమస్తా అకౌంటేమో అనుకున్నా రా" అన్నాడు. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది.

చాలామంది బ్రౌజర్లో సైట్ అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంది కదా అంటారు. మనకీ సైట్‌కీ మధ్య వెళ్ళేది ఇంకొకడు చదవకుండా ఉండటం వరకే ఆ తాళం పని, అవతల ఉన్నది దొంగో దొరో అది చెప్పదు, ఆ తాళం రావటానికి కావాల్సిన సర్టిఫికెట్ దొంగ సైట్లకి కూడా ఫ్రీగానే వస్తుంది. జనం పొరబడుతున్నారనే క్రోమ్ బ్రౌజర్ వాళ్ళు 2023లో ఆ బొమ్మే తీసేశారు.

నిజాయితీగా అమ్ముకునేవాళ్ళకి కూడా ఒక మాట చెప్పాలి. మా వదిన బ్రాడీపేటలో ఇంట్లో పచ్చళ్ళు పెట్టి ఆన్లైన్లో అమ్ముతుంది, గోంగూర, పండుమిరప బాగా వెళ్తాయి. ఆమె సైట్లో మొన్నటిదాకా వాట్సాప్ నెంబరు తప్ప ఏమీ లేదు. నువ్వు ఇలా పెడితే ఆ పట్టాలోడికీ నీకూ తేడా ఎలా తెలుస్తుంది వదినా అని అడిగి, ఆమె పేరు, ఇంటి అడ్రస్, తినే వస్తువులు అమ్మేవాళ్ళకి ఇచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ పద్నాలుగు అంకెల నెంబరు పైనే పెట్టించాను. అసలు 2020లో వచ్చిన ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఆన్లైన్ వ్యాపారం చేసేవాళ్ళు అసలు పేరు, అడ్రస్, కస్టమర్ కేర్, ఫిర్యాదులు చూసే ఆఫీసర్ వివరాలు పెట్టాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఇది మనలో ఎంతమందికి తెలుసండీ?

బాబాయి పరువు పోతుందని పన్నెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే డబ్బు ఇంకా అవతలి అకౌంట్లో ఉంటే ఆపే వీలుంటుంది, మేం చేసేసరికి అది ఖాళీ. సైబర్ క్రైమ్ పోర్టల్లో కంప్లైంట్ నెంబరైతే వచ్చింది.

నేను అడిగేది రెండే. కోతల సీజన్లో మిర్చి యార్డు మైకులో ఈ జీఎస్టీ చూసే పద్ధతి, 1930 నెంబరు రోజూ చెప్పించాలి, రైతు సేవా కేంద్రాల్లో ఉండేవాళ్ళు రైతు అడిగితే డబ్బు కట్టకముందే ఆ సైట్ చూసిపెట్టాలి, వాళ్ళకి ఐదు నిమిషాల పని. రెండోది మీ పత్రికకి, వ్యవసాయం పేజీలో సీజన్ మొదట్లో ఇదే చిన్న బాక్సులో వెయ్యండి, మా ఊళ్ళో రచ్చబండ దగ్గర ఆ పేజీ అందరూ చదువుతారు.

ఆ సైట్ ఇప్పుడు తెరుచుకోవట్లేదు. కానీ నిన్న రాత్రి నా ఫోన్లోనే అవే నీలం పట్టాల ఫోటోలు వేరే పేరుతో యాడ్‌గా వచ్చాయి, ఈసారి అడ్రస్ తెనాలి. స్క్రీన్‌షాట్ ఈ లేఖతో పంపిస్తున్నాను.

ఇట్లు
ఒక పాఠకుడు, కొరిటెపాడు, గుంటూరు